దోసిట్లో నీళ్లు

షారోన్ తన ఫోనులో ఆ ఫొటో చూపించినప్పుడు నేను పొయ్యి దగ్గర చెనిక్కాయలు వేయిస్తున్నాను. షారోన్ మా తమ్ముడు జయరాజు కూతురు. నన్ను ఒక మాట అడగడానికని మదనపల్లె నుంచి కుప్పం దాకా బస్సులో వచ్చింది. ఫొటోలో ఒక పల్లెటూరి ఇంటి అరుగు, అరుగు కింద టోపీ పెట్టుకున్న ఒక బెంగళూరు కుర్రాడు. వాడు నడుం వంచి, రెండు చేతులూ దోసిలి పట్టి నోటి దగ్గర పెట్టుకున్నాడు. పైన అరుగు మీద జరీ అంచు చీర కట్టుకున్న ఒకావిడ రాగి చెంబు ఎత్తి పట్టుకొని ఆ దోసిట్లోకి నీళ్లు పోస్తోంది. ఇద్దరూ నవ్వుతున్నారు. నీళ్లు ఎండకు మెరుస్తున్నాయి. ఫొటో బాగానే తీశారు. నా చెనిక్కాయలు మాడిపోయాయి.

జయరాజు పోయి ఏడాది దాటింది. తండ్రి పోయాక ఈ పిల్ల బెంగళూరు ఉద్యోగం వదిలేసి, తల్లికి తోడుగా మదనపల్లెలోనే ఉండిపోయి, శనివారం నడకలని ఒక పని మొదలుపెట్టింది. బెంగళూరు నుంచి వ్యానులో వచ్చినవాళ్లను పొద్దున్నే హార్స్లీ హిల్స్ మీదికి తీసుకుపోయి మంచు చూపిస్తుంది. కిందికి దింపి సంగటీ నాటుకోడి కూరా పెట్టిస్తుంది. మధ్యాహ్నం పుంగనూరు దాటించి పెద్దపంజాణి వైపు పల్లెల్లో నడిపిస్తుంది. టమేటా తోటలు, గుట్టలు, గొర్రెల మందలు, వాటన్నిటి ఫొటోలు. సాయంత్రానికి మళ్లీ వ్యాను ఎక్కిస్తుంది. తల్లీ కూతుళ్లకు ఇప్పుడు అదే ఆధారం. వచ్చినవాళ్లందరికీ ఆ నీళ్లు తాగే ఘట్టమే ఎక్కువ నచ్చుతోందట. ఆ ఫొటో చూసే కొత్తవాళ్లు వస్తున్నారట. అందుకని ఆ నడకకు మా నాయన తల్లి, మా జేజి పేరు పెట్టాలనుకుంది. ‘ఎస్తేరమ్మ నడక’ అని. నీళ్ల దగ్గర ఆగినప్పుడు వినిపించడానికి జేజి గురించి నా గొంతుతో నాలుగు మాటలు రికార్డు చేసుకోవాలనీ అనుకుంది.

‘‘పెద్దజేజి గుర్తుగానే పెట్టినానత్తా ఇది. ఆయమ్మ దోసిట్లోనే నీళ్లు తాగేదని నాయన ఎప్పుడూ సెప్తాండె గదా’’ అంది షారోన్.

నా నోటికి వచ్చిన మాట అనలేదు. తండ్రిని పోగొట్టుకున్న పిల్ల, పొద్దుటినుంచి ఏమీ తినకుండా బస్సులో వచ్చిన పిల్ల, కళ్లు పెద్దవి చేసుకొని నా మెప్పు కోసం చూస్తోంది. వచ్చే శనివారం నేనూ వస్తాను, చూసి చెబుతాను అన్నాను. చూడాలని కాదు, ఆ రోజుకు నోరు అదుపులో పెట్టుకోవడానికి అలా అన్నాను. దానికి అన్నం పెట్టి, మాడిన చెనిక్కాయలు పెంట మీద పారబోసి వచ్చి, మూకుడు మసి పోయేదాకా తోమాను. ఈ వయసులో కోపం చేతుల్లోకి వస్తుంది.

మా జేజి బైబిలమ్మ. ఆ మాట ఇప్పటి పిల్లలకు తెలియదు. మిషనువాళ్లు పనిలో పెట్టుకున్న ఆడమనిషి. ఊళ్ల వెంట తిరగాలి. ఊరికి ఎడంగా ఉండే మావాళ్ల వాడల్లో ఆడవాళ్లను కూర్చోబెట్టి బైబిలు చదివి వినిపించాలి, పాటలు నేర్పాలి, ఇష్టమున్నవాళ్లకు పలక మీద అక్షరాలు దిద్దించాలి. జేజి మొగుడు పోయిన నాటినుంచి ఆ పనే చేసింది. దొరసానులు గుర్రపు బండిలో పోయిన ఊళ్లు కొన్ని ఉంటాయి, జేజి నడిచి పోయిన ఊళ్లు అంతకు ఎన్నో రెట్లు ఉంటాయి. చర్చి గోడ మీద పాలరాతి పలక ఎవరి పేరున ఉందో చెప్పనక్కర్లేదు.

మేము మదనపల్లెలో ఆస్పత్రి వెనక కాంపౌండులో ఉండేవాళ్లం. నాయన ఆస్పత్రిలో మందులు కలిపే పని చేసేవాడు. ఆయన చొక్కాలు ఎంత ఉతికినా మందుల వాసన పోయేది కాదు. ఇల్లంతా ఆ వాసనా, చింతపండు వాసనా కలిసి ఉండేవి. శనివారం బడి లేదు గనక ఆ రోజు జేజికి తోడుగా నన్ను పంపేవాళ్లు. తమ్ముడు చిన్నవాడు, వాడు నడవగలిగేంత అయ్యాక వాడూ తగులుకున్నాడు. చీకటితోనే లేచి జేజి ముందు గంజి పెట్టిన తెల్లచీర కుచ్చిళ్లు సరిచేసుకునేది. గంజి చీరకు ఒక వాసన ఉంటుంది, కాస్త పులిసిన వాసన, నాకు ఇప్పటికీ అది ప్రయాణం వాసన. తరువాత మా సద్ది కట్టేది. పెరుగు కలిపిన అన్నం, దాని మీద నూరిన చెనిక్కాయల ఊరిబిండి, పక్కన చితక్కొట్టిన ఎర్రగడ్డ. సంచిలో బైబిలు, పాటల పుస్తకం, రెండు పలకలు, పిల్లల కురుపులకు నాయన ఇచ్చిన మలాం డబ్బీ. చేతిలో నల్ల గొడుగు. గొడుగంటే ఆమెకు ప్రాణం. ఒక పుల్ల విరిగితే ఆ రోజంతా మాట్లాడేది కాదు.

మొదటి బస్సుకు పుంగనూరు, అక్కణ్నుంచి ఇంకో బస్సులో పెద్దపంజాణి దారిలో కొంతదూరం, ఆ తరువాత కాళ్లు. అదే మాకు విహారం, అదే మాకు వినోదం. గుట్టల మీద బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉండేవి. ఏ బండ ఏ జంతువులా ఉందో నేను చెబుతూ నడిస్తే జేజి ప్రతిదానికీ ‘‘ఊ, ఉండాది’’ అనేది, తల ఎత్తి చూడకుండానే. దోవ పొడుగునా తంగేడు పూసేది. సీతాఫలాల కాలంలో జేజి సంచి బరువెక్కేది, బైబిలు జిగురు పట్టేది. పాటలు పాడుకుంటూ పోయేవాళ్లం. నడక వేగం పెంచాలంటే ఆమె పాట మార్చేది, మెల్లగా నడవాలంటే ఏడుపు పాట ఎత్తుకునేది. నాకు నడవడం ఇష్టమైంది ఆ రోజుల్లోనే. తరువాత ఎన్ని ఊళ్లు తిరిగినా అంత బాగా నడిచిన గుర్తు లేదు.

ఒకటి మాత్రం నాకు అర్థమయ్యేది కాదు. రోడ్డు దిగగానే ఊళ్ల మీదుగా తిన్నగా బండిబాట ఉండేది. జేజి ఆ బాట పట్టేది కాదు. ఏ కాలమైనా సరే, పక్కనున్న వంకలోకి, వాన పడిన నాలుగు రోజులు తప్ప ఎండి ఉండే ఆ వాగులోకి దిగి, ఇసుకలో నడిచేది. వంక తిరిగిన చోటల్లా మేమూ తిరగాలి. బాటన పోతే ఇట్టే చేరే వాడకు వంక వెంట పోతే పొద్దు నడినెత్తికి వచ్చేది. ఎందుకు ఇట్లా అని అడిగితే ‘‘ఇసక మెత్తగా ఉంటాది పాపా, కాళ్లకు మంచిది’’ అనేది. నేను నమ్మాను. మడమలు కాలుతుంటే కూడా నమ్మాను.

వంకలో ఇంకో సుఖం చెలమ. దప్పి అయినప్పుడు కానుగ నీడ పడే చోటు చూసి జేజి గొడుగు పక్కన పెట్టి మోకాళ్ల మీద కూర్చొని రెండు చేతులతో ఇసుక తోడేది. పైన వేడి ఇసుక, దాని కింద చల్లటి ఇసుక, ఇంకా కిందికి పోతే తడి ఇసుక. మోచేతి లోతుకు వచ్చేసరికి అడుగున బురదనీళ్లు ఊరేవి. మొదట ఊరిన నీళ్లు తోడి పారబోసేది. రెండోసారి ఊరిన నీళ్లు తేటగా ఉండేవి. వాటిని దోసిట్లోకి తీసుకొని ముందు నాకు పట్టేది. తమ్ముడు వచ్చినప్పుడు ముందు వాడికి పట్టేది, వాడు ఆమె వేళ్ల సందులు కూడా నాకేవాడు. ఆ నీళ్లకు వాసన ఉండదు, మట్టిరుచి ఉంటుంది. తాగాక చెలమను పూడ్చకూడదు, మేకలకూ పిట్టలకూ వదిలేయాలి. వెనక వచ్చేవాళ్లకు కనబడేలా పక్కన ఒక తంగేడు కొమ్మ గుచ్చి లేచేది. జయరాజు జీవితాంతం చెప్పుకున్న దోసిలి ఇదే. వాడికి తెలిసిన దోసిలి ఇది ఒక్కటే.

నాకు రెండో దోసిలి కూడా తెలుసు. తమ్ముడు ఇంకా మాతో రాని రోజుల్లో, ఒక ఎండాకాలం, వంక ఒక ఊరి పెరళ్లను ఆనుకొని పోయేచోట నేను ముందు పరుగెత్తాను. పెరటి గోడ దగ్గర ఒక ఇల్లాలు చెంబు పట్టుకొని నిలబడి ఉంది. నా మొహం చూసి ‘‘దప్పిగా ఉండాదా పాపా, ఇట్రా’’ అంది. ఎంత మెత్తటి గొంతో. నేను గోడ కింద నిలబడ్డాను, ఆమె చేతులు పట్టమంది, పట్టాను, పైనుంచి పోసింది. చల్లగా, రాగి వాసనతో, మోచేతుల వెంట కారిపోయేన్ని నీళ్లు. కడుపునిండా తాగి వెనక్కి వచ్చి, ఆయమ్మ ఎంత మంచిదో అని జేజితో చెప్పాను. జేజి వంక మధ్యలో గొడుగు కింద నిలబడి అంతా చూసింది. నా జబ్బ పట్టుకొని నడక వేగం పెంచింది. పాట మాత్రం ఎత్తుకోలేదు.

మలుపు తిరిగి ఆ ఇళ్లు కనబడకుండా పోయాక కూర్చొని చెలమ తోడింది. నీళ్లు ఊరినాక నా రెండు చేతులూ లాగి అందులో ముంచి ఇసుకతో తోమడం మొదలుపెట్టింది. సట్టి తోమినట్టు తోమింది. అరచేతులు ఎర్రబడ్డాయి, నేను ఏడ్చాను, ఆపలేదు. మా జేజి పిల్లలను కొట్టే మనిషి కాదు, గట్టిగా అరిచే మనిషి కూడా కాదు. ఆ రోజు ఆమె ముక్కుపుటాలు అదిరాయి. కడిగిన చేతులు కొంగుతో తుడిచి, అవి తన చేతుల్లోనే పట్టుకొని ఒకే ఒకసారి చెప్పింది.

‘‘దోసిట్లో తాగాలంటే వంకలో తాగు. మనిసి కాడ తాగితే లోటాతో తాగు. లోటా ఇయ్యకుంటే దప్పితోనే ఉండు, సచ్చిపోవులే.’’

ఇంటికి పోయాక ఈ మాట నాయనకు చెప్పొద్దంది. చెప్పలేదు. కాని ఆ తరువాత నడకల్లో నాకు కళ్లు వచ్చాయి. బండిబాటన పోతే ఊరి నడివీధిన పోవాలి. నడివీధిలో మావాళ్ల చెప్పులు చేతిలోకి రావాలి, గొడుగు ముడవాలి. గంజిచీర కట్టుకున్న జేజి, అక్షరాలు నేర్పే జేజి, చెప్పులు చేత పట్టుకొని ఏ కుర్రకుంక ఎదురైనా పక్కకు ఒదగాలి. దప్పి అయితే గోడ కింద నిలబడి పైనుంచి ధార పట్టాలి. వాడకు చేరాక అయినా తాగొచ్చు కదా అంటే, వాడలో బావి ఉండేది కాదు. వాడ ఆడవాళ్లు ఊరిబావి కాడ కుండలు పెట్టుకొని, చేదే హక్కున్నవాళ్లు ఎవరైనా వచ్చి దయదలిచి పోస్తారేమోనని పొద్దంతా కూర్చునేవాళ్లు. అట్లా తెచ్చుకున్న కుండలోంచి ముంచుకొని తాగడానికి జేజికి మనసొప్పేది కాదు. వంక ఎవరి ఇల్లూ కాదు, ఇసుక కింద నీళ్లు ఎవరివీ కావు. అందుకని ఆమె ఏళ్ల తరబడి ఇసుకలో నడిచింది. కాళ్లకు మెత్తగా ఉంటుందని మాకు చెప్పింది.

నాకు జేజి మీద కూడా కోపమే. ఇది రాయడానికి వెనకాడను. ఆమెనే కాదు, మా నాయనను, మా కాంపౌండు పెద్దలందరినీ నిలదీయాలనిపిస్తుంది. ఇంట్లో ఊరిబిండి ఎట్లా నూరాలో చెప్పారు, పాట ఏ రాగంలో ఎత్తుకోవాలో చెప్పారు, గొడుగు ఎట్లా ముడవాలో చెప్పారు. ఇది మాత్రం చెప్పలేదు. పిల్లల మనసు చిన్నబోతుందని మంచిముక్క ఏరి పెట్టారు. జేజి చెలమ తోడేది, దోసిట్లో నీళ్లు పట్టేది, ఎంత బాగుండేదో అని జయరాజు కూతురికి కథ చెప్పాడు. వాడికి తెలిసిందే వాడు చెప్పాడు, వాడిని ఏమనను. ఇంటిల్లిపాదీ నోరు మూసుకున్నందుకు ఇప్పుడు మా ఇంటి పిల్లే ఆ రాగి చెంబును కొని తెచ్చి, దానికి పసుపు రాసి, ఒక అరుగు మీద పెట్టి, దానికి మా జేజి పేరు పెట్టబోతోంది.

శనివారం వ్యానులో షారోన్ పక్కన కూర్చున్నాను. వచ్చినవాళ్లు మంచివాళ్లే. కన్నడం, ఇంగ్లీషు మాట్లాడుతున్నారు, తెలుగు ఒకరిద్దరికి ముక్కలుగా వచ్చు. నాకు కిటికీ పక్క సీటు ఇచ్చారు, మందులు వేసుకున్నారా అని అడిగారు. అందరి దగ్గరా నీళ్ల సీసాలు ఉన్నాయి, షారోన్ సంచిలో కూడా ఒకటి ఉంది. ఇప్పుడు ఎవరూ ఎవరినీ నీళ్లు అడగరు. సీసాలు వచ్చి ఒక మేలు చేశాయి, ఎవరు గ్లాసు ఇస్తారో ఎవరు ఇవ్వరో తేలకుండానే బతుకులు వెళ్లిపోతున్నాయి. అదే వాటి కీడు కూడా.

పుంగనూరు దాటి వ్యాను దిగి నడక మొదలుపెట్టాక కల్వర్టు మీద ఆగి వంకలోకి చూశాను. ఇసుక లేదు. ట్రాక్టర్లు ఎప్పుడో ఎత్తుకుపోయాయట. పుంగనూరులో, పలమనేరులో లేచిన మేడల్లో మా జేజి వంక ఉంది. మిగిలింది పగుళ్లు బారిన బంకమన్ను, దాని నిండా కంప చెట్లు, కంపకు తగులుకొని ఆడుతున్న ప్లాస్టిక్ కవర్లు. చిన్నప్పుడు నేను పరుగెత్తిన చోట మనిషి పట్టే సందు లేదు. మోకాళ్లు నొప్పి పెట్టి ఆగానని అనుకుంది షారోన్. చెయ్యి పట్టుకొని బాట మీదికి నడిపించింది. ఇప్పుడది సిమెంటు రోడ్డు. బూట్లు వేసుకున్నవాళ్లతో కలిసి, కాళ్లకు చెప్పులతో, నెత్తిన గొడుగుతో, ఆ ఊరి నడివీధిన నేను మొదటిసారి నడిచాను. అందుకు సంతోషించాలి. సంతోషించాను కూడా, అరుగు వచ్చేదాకా.

ఇల్లు శుభ్రంగా ఉంది. వాకిట్లో ముగ్గు, తలుపు పక్కన టమేటా బుట్టలు. ఫొటోలో చూసిన జరీ అంచు చీర ఆవిడ సరోజమ్మ, షారోన్ అడిగితే నీళ్లు పోయడానికి ఒప్పుకున్న ఇల్లాలు. ఆమె అత్త, బాగా ముసలామె, గడపలో కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. షారోన్ అందరినీ అరుగు ముందు నిలబెట్టి ఇంగ్లీషులో చెప్పింది. ఒక స్త్రీ ఈ దోవల్లో చదువు మోసుకొని తిరిగిందనీ, దప్పితో వచ్చిన ఆమెకు ఈ ఊళ్లు ఇట్లా దోసిట్లో నీళ్లు పోశాయనీ, ఇది ఇక్కడి మర్యాద అనీ చెప్పింది. నిజంగానే నమ్మి చెబుతోంది. ఒకరి తరువాత ఒకరు వంగారు, తాగారు, నవ్వారు, ఫొటోలు తీసుకున్నారు. ఒకామె కళ్లు తుడుచుకుంది. చివరికి నా వంతు వచ్చింది.

నాకు గ్లాసులో ఇవ్వమని అడిగాను. సరోజమ్మ నవ్వి, దోసిట్లో తాగితేనే బాగుంటుందంది, మేడమ్ అట్లాగే చెప్పిందంది. దోసిట్లో తాగను, గ్లాసులోనే ఇవ్వు అన్నాను. అరుగు పక్క పిట్టగోడ మీద కడిగిన స్టీలు గ్లాసులు వరసగా బోర్లించి ఉన్నాయి. వాటిలో ఒకటి చూపించాను. ఆమె ఆ గ్లాసుల వైపు చూసింది, తరువాత గడపలో ఉన్న అత్త వైపు చూసింది. చెంబు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

ముసలామె చింతపండు పక్కన పెట్టి, నాది ఏ ఊరని అడిగింది. మదనపల్లె, మిషను కాంపౌండు అని చెప్పాను. మా జేజి ఈ పక్క బైబిలమ్మగా తిరిగేదని కూడా చెప్పాను. ముసలామె మొహం విచ్చుకుంది. నల్ల గొడుగు బైబిలమ్మేనా అంది. తను కాపురానికి వచ్చిన కొత్తలో పెరట్లోంచి చూసేదట. వంకలోనే పోయేది, వంకలోనే వచ్చేది, ఒక్కనాడూ ఊళ్లో కాలు పెట్టలేదు, మంచి మర్యాద తెలిసిన మనిషి అంది. జేజిని మెచ్చుకుంటూ అంది ఆ మాట. ఆ తరువాత, పెద్దదాన్ని కదా అని నాకు నచ్చజెప్పడానికి, ఎంతో నెమ్మదిగా అసలు సంగతి చెప్పింది.

‘‘తప్పుగా అనుకోవాకమ్మా. వచ్చేటోళ్లు యా జనమో ఏమో, యాల అడగాల, అడిగితే బాగుంటాదా? దోసిట్లో పోస్తే అడిగే పనే ల్యా. ఈ పాప వచ్చి ఇట్ల పొయ్యండి అని అడిగినబ్బుడే నేను అంటి, ఇది మా ఇంట్లో ఎబ్బుడూ ఉండేదే గదా, దీంట్లో కొత్తేముండాది అని.’’

కోపం లేదు ఆమెలో, ఎత్తిపొడుపు లేదు. చింతపండు గింజ తీసినంత మామూలుగా చెప్పి, మళ్లీ చింతపండు అందుకుంది. ఆ మామూలుతనానికే నాకు ఒళ్లు మండింది. అరిచి తిట్టినవాళ్లకు ఎదురు చెప్పొచ్చు. ఆప్యాయంగా ధార పోసేవాళ్లకు ఏం చెబుతాం? షారోన్ వేడుక అనుకొని తెచ్చిన చెంబు ఆ ఇంట్లో వేడుక కాదు. అది వాళ్ల రోజువారీ జాగ్రత్త. బెంగళూరు నుంచి వచ్చిన ఇన్ని కులాలవాళ్లకు, ఒక్కరినీ ఒక్క ప్రశ్న అడగకుండా, తమ గ్లాసులు గోడ మీంచి దించకుండా నీళ్లు ఇవ్వడానికి ఆ ఇంటికి ఇంతకన్నా సుఖమైన ఉపాయం దొరకదు. ఆ ఉపాయం వాళ్ల చేతికి ఇచ్చింది ఎస్తేరమ్మ మునిమనవరాలు. జేజి ఎండలో ఇసుక తొక్కి తప్పించుకున్న ఆ గోడ కిందికే ఈ పిల్ల శనివారం శనివారం వ్యాను నిండా మనుషులను తెచ్చి నిలబెడుతోంది.

షారోన్ వైపు చూశాను. చిన్నప్పటినుంచి ఆ పిల్ల మొహం ఎరుగుదును, అట్లా నెత్తురు ఇంకిపోగా ఎన్నడూ చూడలేదు. టోపీ పెట్టుకున్న ఒకాయన, తాగి పక్కకు నిలబడ్డవాడు, ఆ అవ్వ ఏమంటోంది, మాకూ చెప్పండి అని అడిగాడు. ముసలామె నవ్వుమొహం చూసి ఏదో పాతకాలపు ముచ్చట అనుకున్నాడు. షారోన్ ఏమైనా చెప్పి ఉండొచ్చు. అవ్వ మిమ్మల్ని దీవిస్తోంది అంటే సరిపోయేది, వాళ్లు ఇంకో ఫొటో తీసుకొని వ్యాను ఎక్కేవాళ్లు, వచ్చే శనివారానికి ఇంకో వ్యాను వచ్చేది. నేను సాయం పోలేదు, అడ్డం కూడా పోలేదు. ఇంతకాలం మా ఇంట్లో అందరూ చేసిన పని ఈ పిల్ల కూడా చేస్తుందా చేయదా అని చూస్తూ నిలబడ్డాను. ఆమెకు బతుకుతెరువు, నాకు జేజి పేరు, రెండూ ఆ ఒక్క జవాబు మీద ఉన్నాయి.

షారోన్ కన్నడంలో చెప్పింది. ముసలామె అన్నది ఒక్క ముక్క వదలకుండా, మెల్లగా, తలెత్తి చెప్పింది. తరువాత, తాను ఇందాక చెప్పింది అబద్ధమనీ, తెలియక చెప్పిన అబద్ధమనీ, మా జేజికి ఈ ఊళ్లో ఎవరూ నీళ్లు పోయలేదనీ, ఆమె ఎవరినీ అడగలేదనీ చెప్పింది. ఈ సంగతి షారోన్‌కు నేను చెప్పలేదు. ముసలామె మెచ్చుకోలు విని తనే అర్థం చేసుకుంది.

ఒక్కొక్కరే తమ చేతులు చూసుకున్నారు. అవి ఇంకా తడిగానే ఉన్నాయి. టోపీ ఆయన ప్యాంటుకు తుడుచుకోబోయి ఆగిపోయాడు, ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గాలిలోనే పట్టుకున్నాడు. సరోజమ్మ చెంబు దించి అరుగు మీద పెట్టింది. గ్లాసులు మాత్రం గోడ మీదే ఉన్నాయి. నేను ఇంకాస్త సేపు నిలబడ్డాను, ఇప్పటికైనా ఒకటి దించుతుందేమోనని. దించలేదు.

జేజి కాలం గడిచిపోయిందనీ, ఇప్పుడంతా మారిందనీ నాతో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మారింది, కాదనను. చెప్పులతో నడివీధిన నడిచాను. ఆ ఇంటివాళ్లు నన్ను అమ్మా అన్నారు. కాని జేజికి దప్పి అయితే తోడుకోవడానికి ఒక వంక ఉండేది. ఇసుక పోయింది, గ్లాసు రాలేదు. ఈ రెంటి నడుమ మాకు మిగిలింది ఒక ప్లాస్టిక్ సీసా. దీన్ని మార్పు అని ఒప్పుకోవడానికి నాకు నోరు రావడం లేదు.

వీధిలోకి వచ్చాక షారోన్ నా గొడుగు పట్టుకుంది. ఆ నడకకు పెద్దజేజి పేరు పెట్టనంది. ఆ అరుగు దగ్గరికి ఇంక ఎవరినీ తీసుకురానంది. మరి జనం రాకపోతే ఏం చేస్తావని నేను అడగలేదు. ఆ ప్రశ్న దాని మొహంలోనే ఉంది. జేజి యాడ తోడేది చెలమ, సూపిస్తావా అత్తా అని అడిగింది. అక్కడ ఏమీ లేదు, అంతా కంప అన్నాను. అయినా సూపీ అంది.

వ్యాను నిలిపిన వైపుకు కాకుండా షారోన్ కల్వర్టు పక్కకు తిరిగి, గట్టు దిగి, ముళ్లకంపను గొడుగుతో పక్కకు తోసి, బంకమన్నులో కాలు పెట్టింది. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని నేను వెనకే దిగాను. వచ్చినవాళ్లు గట్టు మీద ఆగిపోయారు. ఇటు దోవే లేదు కదా మేడమ్ అన్నాడు టోపీ ఆయన.

‘‘ఉండేది సార్’’ అంది షారోన్, వెనక్కి తిరగకుండా.